పాత టవర్ సర్వర్‌ను వేరే రకం యంత్రంపైకి మార్చాలి: డిస్కుకు నకలు తీస్తే సరిపోతుందా?

కాలేజీ గ్రంథాలయం (ప్రశ్న)

నమస్కారం. రాజమహేంద్రవరం దగ్గర ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. చదివింది గ్రంథాలయ శాస్త్రం. సర్వర్ చూసుకునేవారు వేరే లేరు కాబట్టి ఆ పనీ నాదే.

మా దగ్గర కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. సుమారు 41 వేల పుస్తకాల వివరాలు అందులో ఉన్నాయి, సగానికి పైగా తెలుగువి. మా ముందు పనిచేసిన గ్రంథపాలకురాలు కార్డులు ముందు పెట్టుకుని ఒక్కొక్కటిగా టైపు చేయించారు. ఆ కార్డులు ఇప్పుడు లేవు.

పాత యంత్రం: జియాన్ ఈ3 టవర్ సర్వర్, 16 జీబీ ర్యామ్, రెయిడ్ కార్డు మీద 1 టీబీ డిస్కులు రెండు, రెయిడ్ 1లో (రెండింటిలోనూ ఒకే డేటా ఉండే అమరిక). డెబియన్ లినక్స్ 8తో మొదలై తరువాత 9కి మారింది. నిండినది 90 జీబీ లోపే. ఈ మధ్య ఒక డిస్కు దగ్గర నారింజ రంగు దీపం వెలుగుతోంది.

కొత్త యంత్రం: 500 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కులు రెండు, 32 జీబీ ర్యామ్, ఇంటెల్ ఐ226 నెట్‌వర్క్ చిప్. రెయిడ్ కార్డు లేదు. సెట్టింగుల్లో పాత బయోస్ పద్ధతిలో బూట్ అయ్యే అవకాశం ఎక్కడా కనబడలేదు.

అమ్మినవారు "డిస్కు క్లోన్ చేసి పెట్టుకోండి, అంతే" అన్నారు. డెబియన్ 9 యూఎస్‌బీతో కొత్త యంత్రాన్ని లేపి చూస్తే నెట్‌వర్క్ కార్డే కనిపించడం లేదు. క్లోన్ చేస్తే పనిచేస్తుందా? చేయకపోతే ఏ దారిలో వెళ్లాలి? సెలవుల్లో ఈ పని ముగించాలి.

కాకినాడ కుర్రవాడు

క్లోన్‌జిల్లా వాడండి సర్. అది వాడిన బ్లాకులనే కాపీ చేస్తుంది కాబట్టి 1 టీబీ అంతా చదవాల్సిన పని ఉండదు. కొత్త డిస్కు చిన్నది అయినందున ముందు జీపార్టెడ్‌తో పాత పార్టిషన్‌ను (డిస్కులోని భాగాన్ని) 400 జీబీకి కుదించి, తరువాత క్లోన్ చేయాలి. ఆ పైన గ్రబ్‌ను (లినక్స్‌ను లేపే ప్రోగ్రామును), బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతిలో మళ్లీ పెట్టుకుంటే సరి. రిలాక్స్-అండ్-రికవర్ అనే పరికరం కూడా ఉంది. అందులో పాత డిస్కు పేరుకు కొత్త డిస్కు పేరు, పాత నెట్‌వర్క్ కార్డుకు కొత్త కార్డు జత చేసే వలస పద్ధతి ఉంది. నేను దానితో సర్వర్లు మార్చాను, బాగా పనిచేస్తుంది.

సర్వర్ గది, విశాఖ

ముందు ఆ నారింజ రంగు దీపం సంగతి చూడండి. మిగిలినవన్నీ రేపు మాట్లాడుకోవచ్చు. రెయిడ్ 1లో ఒక డిస్కు దెబ్బతిన్నదంటే మీ 41 వేల పుస్తకాల వివరాలు ఇప్పుడు ఒక్క డిస్కు మీద నిలబడి ఉన్నాయి. అది కూడా చెడిపోతున్న డిస్కుతో పాటే అన్నేళ్లు తిరిగినదే. ఈ రోజు గ్రంథాలయం మూసేలోపు కోహా-డంప్ ఆదేశం నడపండి. రెండు ఫైళ్లు వస్తాయి: ఒకటి డేటాబేసు, రెండోది మీ సైటు అమరికలు. ప్రతిరోజూ క్రాన్ (నిర్ణీత సమయానికి పనులు నడిపేది) కూడా ఇవి తయారుచేస్తూ ఉండవచ్చు, కానీ అవి పడేది అదే డిస్కు మీద కదా. ఆ రెండు ఫైళ్లనూ పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి, వేరే కంప్యూటర్‌లోకి ఒకసారి కాపీ చేసి, డేటాబేసు ఫైలును తెరిచి అందులో తెలుగు శీర్షికలు చదవగలుగుతున్నారో లేదో కళ్లతో చూసి, అప్పుడు ఇంటికి వెళ్లండి.

పార్టిషన్ కుదించమన్న సలహాను మీ విషయంలో నేను గట్టిగా వద్దంటాను. కుదించడమంటే ఆ ఒక్క మంచి డిస్కు మీదే ఫైళ్లను ఇటు నుంచి అటు జరపడం. మధ్యలో కరెంటు పోయినా, ఆ డిస్కు మొరాయించినా వెనక్కి తిరిగే దారి లేదు. దీపం వెలిగిన యంత్రం మీద రాసే పని ఏదీ చేయకూడదు, దాని నుంచి చదువుకోవడం ఒక్కటే చేయాలి. కాకినాడ మిత్రుడు చెప్పిన రిలాక్స్-అండ్-రికవర్ మంచి పరికరమే. అయితే అది మీ పాత కెర్నల్‌నే (లినక్స్ మూల భాగాన్నే) కొత్త యంత్రం మీద నిలబెడుతుంది, మీ అసలు చిక్కు అక్కడే ఉంది.

క్లోన్ ఎందుకు లేవదో చెబుతాను. పాత యంత్రంలో బయోస్ డిస్కు మొదటి సెక్టారును చదువుతుంది. ఆ 512 బైట్లలో 446 బైట్లు బూట్ కోడు, మిగిలిన దానిలో పార్టిషన్ పట్టిక ఉంటాయి. గ్రబ్ కథ అక్కడ మొదలవుతుంది. మీ కొత్త యంత్రం ఆ కోడును పట్టించుకోదు. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఎక్కడుందో వెతికి, అందులోని బూట్ ఫైలును నడుపుతుంది. మీ పాత డిస్కులో అటువంటి పార్టిషనే లేదు. బైటు తేడా లేకుండా నకలు తీసినా కొత్త యంత్రం దాన్ని బూట్ డిస్కుగా గుర్తించదు. పాత బయోస్ పద్ధతికి మద్దతును 2020 నాటికి తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది, కాబట్టి మీ సెట్టింగుల్లో ఆ మాట కనబడకపోవడంలో వింత లేదు.

సరే, ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి గ్రబ్ పెట్టుకున్నామనుకోండి. ఎన్‌వీఎంఈ డిస్కుతో డెబియన్ 9కి ఇబ్బంది ఉండదు, దాని 4.9 కెర్నల్‌లో ఆ డ్రైవర్ ఉంది. ఐ226 చిప్‌ను నడిపే ఐజీసీ డ్రైవర్ మాత్రం లినక్స్‌లోకి వచ్చిందే 4.20లో. డెబియన్ 9 బ్యాక్‌పోర్టుల్లో (పాత విడుదలకు అందించిన కొత్త ప్యాకేజీల్లో) దొరికిన 4.19లో కూడా అది లేదు. అందుకే మీ యూఎస్‌బీకి కార్డు కనిపించలేదు. నెట్‌వర్క్ లేని గ్రంథాలయ సర్వర్ ఎవరికి ఉపయోగం?

అందుకని మీ పాత వ్యవస్థను కొత్త యంత్రం మీద నేరుగా నిలబెట్టకండి, దానికి తెలిసిన యంత్రాన్నే లోపల తయారుచేసి ఇవ్వండి. కొత్త యంత్రం మీద ప్రాక్స్‌మాక్స్ (ఒక యంత్రంలో వర్చువల్ యంత్రాలను నడిపే వ్యవస్థ) పెట్టండి. అది డెబియన్ ఆధారంగానే నడుస్తుంది, దాని కొత్త కెర్నల్‌కు ఐ226 తెలుసు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు ఎన్‌వీఎంఈలనూ జెడ్ఎఫ్ఎస్ రెయిడ్ 1గా ఎంచుకుంటే రెయిడ్ కార్డు లేని లోటు కూడా తీరుతుంది. ఇన్‌స్టాలర్‌కు డిస్కులు కనిపించకపోతే మదర్‌బోర్డు సెట్టింగుల్లో వీఎండీ లేదా రెయిడ్ అన్నది ఆపేసి చూడండి. తరువాత ఒక వర్చువల్ యంత్రం సృష్టించండి. దానికి బయోస్‌గా సీబయోస్, నెట్‌వర్క్ కార్డుగా వర్టియో లేదా ఈ1000, 200 జీబీ డిస్కు. మీ డెబియన్ 9 కంటికి అది బయోస్ ఉన్న పాత రకం యంత్రమే. 1 టీబీ నుంచి 500 జీబీకి ఎలా అన్న ప్రశ్న కూడా పోతుంది, ఎందుకంటే మనం డిస్కును కాపీ చేయడం లేదు, ఫైళ్లను కాపీ చేస్తున్నాం.

కాపీ ఎలా అంటే, పాత సర్వర్‌ను మూసి, లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌తో) లేపండి. నడుస్తున్న మరియాడీబీ (కోహా డేటాబేసు) ఫైళ్లను కాపీ చేస్తే సగం రాసిన పేజీలు వస్తాయి, అందుకే మూయడం తప్పనిసరి. పాత రూట్ పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి. అటు వర్చువల్ యంత్రాన్ని కూడా లైవ్ ఐఎస్ఓతో లేపి, దాని డిస్కు మీద ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ చేయండి. ఆ ఐఎస్ఓ డెబియన్ 9 కాలం నాటిదైతే నిశ్చింత. ఈఎక్స్‌టీ4 సాధనాలైన ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ 1.47తో డిఫాల్టుగా వచ్చిన కొన్ని లక్షణాలు పాత గ్రబ్‌కు, పాత ఎఫ్ఎస్‌సీకేకు (డిస్కు తనిఖీ ఆదేశానికి) అర్థం కావు.

ఇక ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ ఆదేశం. చిన్న ఏ ఆప్షన్ ఒక్కటి ఇస్తే అన్నీ వస్తాయని చాలామంది అనుకుంటారు. హార్డ్ లింకులకు పెద్ద హెచ్, ఏసీఎల్‌లకు (అదనపు అనుమతులకు) పెద్ద ఏ, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లకు పెద్ద ఎక్స్ విడిగా చెప్పాలి. న్యూమరిక్-ఐడీస్ ఆప్షన్‌ను అస్సలు మరవకండి. అది లేకపోతే ఆర్‌సింక్ యజమాని పేరును బట్టి సంఖ్య మారుస్తుంది. లైవ్ యూఎస్‌బీలో ఒక పేరుకు ఉన్న సంఖ్య, మీ సర్వర్‌లో అదే పేరుకు ఉన్న సంఖ్య ఒకటి కావాలని లేదు. అలా మారితే డేటాబేసు ఫైళ్లు ఇంకెవరి పేరిటో పడి, మరియాడీబీ లేవనంటుంది. లైవ్ వ్యవస్థ నుంచి మౌంట్ చేస్తున్నారు కాబట్టి ప్రాక్, సిస్, డెవ్, రన్ డైరెక్టరీలు ఖాళీగానే ఉంటాయి, వాటిని అలాగే రానివ్వండి. లేపినప్పుడు అవి కావాలి.

కాపీ అయ్యాక డెవ్, ప్రాక్, సిస్‌లను బైండ్ మౌంట్ చేసి సీహెచ్‌రూట్‌తో (కాపీ చేసిన వ్యవస్థనే రూట్‌గా చేసుకుని) లోపలికి వెళ్లండి. ఈటీసీలోని ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితాలో) రూట్‌కు కొత్త యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) రాయండి. గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడపండి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో డ్రైవర్లను అందించే చిన్న వ్యవస్థ) అమరికలో మాడ్యూల్స్ అన్న చోట "మోస్ట్" అని ఉందో లేదో చూడండి. డెబియన్‌లో డిఫాల్టు అదే, అందుకే డెబియన్ వేరే యంత్రం మీద కూడా తన రూట్ డిస్కును కనుక్కోగలుగుతుంది. ఎవరైనా దాన్ని "డెప్" అని మార్చి ఉంటే పాత యంత్రపు డ్రైవర్లే ఉంటాయి. (ఇది చదివే సెంటాస్ 7 వారికి: అక్కడ ఇదే పని చేసే డ్రాకట్ డిఫాల్టుగానే ఆ యంత్రానికి సరిపడా డ్రైవర్లు మాత్రమే పెడుతుంది. కొత్త చోట అత్యవసర షెల్‌లో ఆగిపోతే గ్రబ్ మెనూలోని రెస్క్యూ వరుస ఎంచుకోండి, అందులో అన్ని డ్రైవర్లూ ఉంటాయి.)

మీది డెబియన్ 8 నుంచి వచ్చిన వ్యవస్థ కాబట్టి యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టేది) నియమాల్లో 70-పర్సిస్టెంట్-నెట్ ఫైలు ఉండే ఉంటుంది. అది పాత కార్డు మ్యాక్ చిరునామాకు ఈటీహెచ్0 అన్న పేరు కట్టిపెట్టింది. దాన్ని తీసేయండి. ప్రాక్స్‌మాక్స్‌లో కార్డు పేరు సాధారణంగా ఈఎన్ఎస్18 అని వస్తుంది. ఐపీ లింక్ ఆదేశంతో చూసి, ఇంటర్‌ఫేసెస్ ఫైలులో ఆ పేరు రాయండి.

మొదటిసారి లేపేముందు ఇంకొక్క పని, ఇది యంత్రానికి సంబంధించినది కాదు, మనుషులకు సంబంధించినది. నకలుకు తాను నకలునని తెలియదు. దాని క్రాన్ సమయానికి లేచి, గడువు దాటిన పుస్తకాల వాళ్లందరికీ నోటీసులు పంపుతుంది. సెలవుల్లో ఊళ్లో ఉన్న పిల్లలకు తిరిగి ఇచ్చేసిన పుస్తకం గురించి ఉత్తరం వెళ్తే, ఆ తరువాత మీ గ్రంథాలయం పంపే ఏ నోటీసునూ వాళ్లు నమ్మరు. సీహెచ్‌రూట్‌లో ఉండగానే కోహా-ఈమెయిల్-డిజేబుల్ నడపండి. వార్ లిబ్ కోహాలో మీ సైటు కింద ఉండే ఈమెయిల్ ఎనేబుల్డ్ ఫైలును అది తీసేస్తుంది. మొదటి బూట్ సమయంలో వర్చువల్ కార్డు తీగ కూడా ఊడదీసి ఉంచండి, ప్రాక్స్‌మాక్స్‌లో డిస్‌కనెక్ట్ అన్న గడి ఉంటుంది. పాతదీ కొత్తదీ ఒకే ఐపీతో ఒకేసారి నెట్‌వర్క్ మీద ఉండకూడదు.

ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ తాళాలు (దూరం నుంచి లాగిన్ అయ్యేవారికి సర్వర్ గుర్తింపుగా చూపేవి) మార్చకండి. ఇది పాతదాని స్థానంలో వస్తున్నది కాబట్టి అవే ఉండాలి.

కాలేజీ గ్రంథాలయం

మేడమ్, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. డంప్ తీసి రెండు చోట్ల పెట్టాను, తెలుగు శీర్షికలు సరిగ్గా ఉన్నాయి. ప్రాక్స్‌మాక్స్ మీద వర్చువల్ యంత్రం లేచింది, కోహా తెరుచుకుంది, పుస్తకాల లెక్క పాతదానితో సరిపోయింది. పాత యంత్రాన్ని ఆపి ఉంచాను.

ఒక్క ఇబ్బంది మిగిలింది. లేచేటప్పుడు ప్రతిసారీ 1 నిమిషం 30 సెకన్లు ఒక డిస్కు కోసం ఎదురుచూస్తోంది. తరువాత మామూలుగానే లేస్తుంది. తరువాత ఎప్పుడైనా దీన్ని డెబియన్ 12కి మార్చాలా, ఇలాగే ఉంచవచ్చా అన్నది రెండో సందేహం.

సర్వర్ గది, విశాఖ

అది స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) కోసం ఎదురుచూపు. బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ ఒక పరికరం కోసం డిఫాల్టుగా ఆగేది 90 సెకన్లు. మీ ఎఫ్‌స్టాబ్‌లో పాత స్వాప్ పార్టిషన్ యూయూఐడీ ఇంకా ఉంది, ఆ పార్టిషన్ ఇక్కడ లేదు. ఆ వరుస తీసేసి, కావాలంటే స్వాప్ ఫైలు ఒకటి చేసుకోండి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ కింద కాన్ఫ్.డీలో రెజ్యూమ్ అన్న ఫైలు ఉందేమో చూడండి, అందులోనూ అదే పాత యూయూఐడీ ఉంటుంది. దాన్ని "నన్" అని మార్చి అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడపండి.

రెండోదానికి: మార్చాలి. డెబియన్ 9కి దీర్ఘకాల మద్దతు 2022 జూన్‌తో ముగిసింది. కళాశాల లోపలి నెట్‌వర్క్‌లో కొన్నాళ్లు నడపవచ్చు, ఇంటర్నెట్ వైపు మాత్రం తెరవకండి. వెబ్‌లో క్యాటలాగ్ కనిపించేలా రూటర్‌లో పోర్టు తెరిచి ఉంటే ఈ రోజే మూయండి. ఇప్పుడు మీకు ఒక సౌఖ్యం ఉంది, పాతది చక్కగా నడుస్తూ ఉండగానే పక్కనే ఇంకో వర్చువల్ యంత్రంలో డెబియన్ 12, కొత్త కోహా పెట్టి, డంప్‌ను కోహా-రిస్టోర్‌తో ఎక్కించి, కోహా-అప్‌గ్రేడ్-స్కీమా నడిపి తీరిగ్గా పరీక్షించుకోవచ్చు. ఎక్కడ తేడా వచ్చినా దాన్ని చెరిపి మళ్లీ మొదలుపెట్టండి. ప్రతి అడుగుకు ముందు స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి అప్పటి స్థితి) తీసుకోండి.

తెలుగు క్యాటలాగ్

ఆ మార్పు చేసేటప్పుడు తెలుగు పుస్తకాలున్న గ్రంథాలయాలకు ప్రత్యేకంగా రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది వెతుకులాట. కోహాలో వెతుకులాటను నడిపే జీబ్రా డిఫాల్టుగా వాడే అక్షర పట్టిక రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకున్నది. తెలుగుకు ఐసీయూ (యూనికోడ్ లిపులను అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్) కావాలి. మీ పాత సర్వర్‌లో ఎవరో ఆ మార్పు చేసి ఉంటారు. అది ఉండేది ఈటీసీ కోహా జీబ్రాడీబీ కింద ఈటీసీలోని డిఫాల్ట్.ఐడీఎక్స్ ఫైలులో. ఫైళ్లన్నీ కాపీ చేశారు కాబట్టి ఇప్పటి నకలులో అది ఉంది. కోహా-డంప్ మాత్రం మీ సైటు డైరెక్టరీలను తీసుకుంటుంది గానీ అందరికీ ఉమ్మడిగా ఉన్న ఈ ఫైలును తీసుకోదు. కొత్త యంత్రంలో పుస్తకాలన్నీ ఉంటాయి, తెలుగులో వెతికితే మాత్రం దొరకవు. చూసేవాళ్లు డేటా పోయిందని భయపడతారు. పాత ఫైలును మొత్తంగా పైన పడేయకుండా, ఐసీయూ వరుసలను మాత్రం కొత్త ఫైలులో సరిచేసి, కోహా-రీబిల్డ్-జీబ్రాను పూర్తి ఆప్షన్‌తో నడపండి. రెండు మాటల తెలుగు శీర్షిక ఒకటి, గుణింతాలూ ఒత్తులూ ఎక్కువున్న రచయిత పేరు ఒకటి పెట్టి వెతికి చూడండి.

రెండోది అక్షర సంకేతాలు. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లు. డేటాబేసును చేత్తో డంప్ చేసేటప్పుడు గానీ ఎక్కించేటప్పుడు గానీ ఎక్కడైనా లాటిన్1 (రోమన్ లిపికి మాత్రమే సరిపోయే పాత సంకేత పద్ధతి) చొరబడితే ఆ 3 బైట్లూ మూడు వేరే అక్షరాలైపోతాయి. శీర్షికల్లో రోమన్ అక్షరాల మధ్య డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు కనిపించడం మొదలైతే అదే జరిగిందని అర్థం. అప్పుడు దాని మీద ఒక్క పుస్తకం కూడా కొత్తగా చేర్చకుండా ఆపి, శుభ్రమైన డంప్ నుంచి మళ్లీ ఎక్కించాలి. పాడైనవీ మంచివీ కలిసిపోయాక విడదీయడం చాలా కష్టం.

కాలేజీ గ్రంథాలయం

డిఫాల్ట్.ఐడీఎక్స్ తెరిచి చూశాను, ఐసీయూ వరుసలు ఉన్నాయి. ఎవరు పెట్టారో మాకెవరికీ తెలియదు. ఫైలును విడిగా భద్రపరిచాను. స్వాప్ వరుస తీసేశాక యంత్రం వెంటనే లేస్తోంది. రూటర్‌లో పోర్టు తెరిచే ఉంది, మూయించాను.

పాత సర్వర్‌లోని డిస్కులను ఏం చేయాలి? అమ్మినవారు పాత యంత్రాన్ని తీసుకెళ్లి కొంత డబ్బు తగ్గిస్తామంటున్నారు.

సర్వర్ గది, విశాఖ

ఇప్పుడే ఇవ్వకండి. డెబియన్ 12 మీద కోహా ఒక పూర్తి విద్యా సంవత్సరం నడిచి, పుస్తకాల తనిఖీ ఒకసారి ముగిసేదాకా ఆ యంత్రం మీ దగ్గరే ఉండాలి. డిస్కులు మాత్రం తీసి బీరువాలో పెడితే చాలదు. రెయిడ్ కార్డు తన లెక్కలు తన పద్ధతిలో డిస్కు మీద రాసుకుంటుంది, వేరే సంస్థ కార్డుకు అవి అర్థం కాకపోవచ్చు. కార్డు, డిస్కులు కలిసే ఉండాలి. ఏ డిస్కు యంత్రంలో ఏ అరలో ఉందో, నారింజ దీపం దేనిదో కాగితం మీద రాసి అంటించి, కరెంటు తీసి పక్కన పెట్టండి.

ఇచ్చే రోజు వచ్చినప్పుడు డిస్కులు ఇవ్వకండి, యంత్రం మాత్రమే ఇవ్వండి. అందులో విద్యార్థుల పేర్లు, ఫోను నంబర్లు, ఎవరు ఏ పుస్తకం చదివారన్న వివరాలు ఉన్నాయి. చెరిపి ఇస్తామంటే మంచి డిస్కును మొత్తం సున్నాలతో నింపవచ్చు, చెడిపోయిన దానికి ఆ పని పూర్తవుతుందన్న నమ్మకం లేదు. దాన్ని పగలగొట్టించండి. తగ్గే డబ్బు ఎంతో నాకు తెలియదు గానీ, ప్రిన్సిపాల్ గారు అడిగితే ఈ కారణమే చెప్పండి.